కారు అడుగున ఇత్తడి జల్లెడ

కాళ్ళకి వేడిగాలి తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. మొన్న ఎండాకాలం మా చెల్లెలి మనవడు తన కారులో నన్ను చిలకలూరిపేట నుంచి నరసరావుపేట తీసుకెళ్తున్నాడు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. చల్లగాలి కోసం వాడు మీట తిప్పితే అది ఎక్కడో ఇరుక్కుపోయి, నా పాదాల మీదికి వేడిగాలి కొట్టింది. "హీటర్ ఆగట్లేదు అమ్మమ్మా, కంట్రోలు పోయినట్టుంది, పేటలో మెకానిక్‌కి చూపిస్తా" అని వాడు నవ్వుతుంటే, నేను రెండు కాళ్ళూ ఎత్తి సీటు మీద పెట్టుకుని "ముందు అద్దాలు దించరా" అని అరిచాను. దించితే వడగాడ్పుకి మాడిపోతామన్నాడు. "మాడితే మాడదాం, దించు" అన్నాను. ముసలమ్మకి మతి చలించిందనుకున్నాడేమో, మారు మాట్లాడకుండా దించాడు. ఆ వడగాడ్పులోనే పేట చేరాం. వాడికి చెప్పలేకపోయిన సంగతి ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్న నరసరావుపేటలో పత్తి వ్యాపారి. యుద్ధం మొదలైన కొత్తలో ఒక పాత కారు కొన్నాడు. నీలగిరుల్లో టీ తోట చూసుకునే దొర ఒకడు సీమకి వెళ్ళిపోతూ అమ్మితే, అది చేతులు మారి మారి మా వాకిట్లోకి వచ్చింది. నల్లటి కారు. పైనా పక్కలా అంతా మూతే. ముందు సీటుకీ వెనక సీటుకీ మధ్య కూడా ఒక అద్దం. నాయనమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టి, "ఇది బండా బీరువానా?" అంది. నిజంగానే తలుపు వేసుకుంటే బీరువాలో కూర్చున్నట్టే ఉండేది. వెనక సీటు ముందు, కాళ్ళు పెట్టుకునే చోట, నేలలో బిగించిన ఇత్తడి జల్లెడ ఒకటుంది. దాని పక్కన విరిగిన మీట ఒకటి వేలాడుతుండేది. అవి ఎందుకున్నాయో మా ఊళ్ళో ఒక్కరికీ తెలీదు.

కారు తోలడం, బాగుచెయ్యడం రెండూ మస్తాన్ పనే. మార్కెట్ దగ్గర అతనికి చిన్న రేకుల షెడ్డు ఉండేది. బక్కపలచటి మనిషి, చేతులు మాత్రం పెద్దవి. అతను కారు కిందికి దూరి, పైకొచ్చి, చేతులు తుడుచుకుంటూ తేల్చేశాడు. "గాలి కోసం పెట్టారు శెట్టిగారూ. అంతా మూసేసిన బండి గదా, కిందనించన్నా గాలి రావాల. మీట ఇరిగి మూత సగంలో ఇరుక్కుంది." నాన్న తలూపాడు. ఎవరికైనా అదే తోస్తుంది మరి. పల్నాడులో కారెక్కిన మనిషికి కావలసింది గాలి. ఉన్న వేడి చాలక, ఇంకాస్త వేడి కావాలని కోరి చేయించుకునే మనుషులు భూమ్మీద ఉంటారని మాకెలా తెలుస్తుంది? అది చలికొండల మీద దొరల కాళ్ళు వెచ్చబెట్టే ఏర్పాటు. మస్తాన్ ఆ మూతని పూర్తిగా తెరిచి, మళ్ళీ మూసుకుపోకుండా ఇనప తీగతో కట్టి, పైన టంకం కూడా వేశాడు. గాలి బాగా వస్తోందని అందరం సంతోషించాం. వేడిగా ఉందేమిటని నాన్న అడిగితే, "మాచర్ల రోడ్డు శెట్టిగారూ. కింద నాపరాయి కాలతంటే గాలి సల్లగా యాడొస్తది?" అన్నాడు. దానికీ అందరం తలూపాం.

యుద్ధం ముదిరాక పెట్రోలు దొరకడం గగనమైంది. అందరి బండ్లకీ పెట్టినట్టే మా కారు వెనకా ఒక ఇనప పీపా పెట్టించారు. అందులో బొగ్గు రాజేస్తే వచ్చే గాలితో ఇంజను నడిచేది. బొల్లాపల్లి అడవి వైపు నుంచి బొగ్గు బస్తాలు బండ్ల మీద వచ్చేవి. ఇక మా ఇంట్లో తెల్లవారడమే మారిపోయింది. మస్తాన్ వచ్చి పీపా రాజేసి, తిత్తి చక్రం గిరగిరా తిప్పుతుంటే ఆ చప్పుడుకే నేను నిద్ర లేచేదాన్ని. లేచేసరికి వాకిలంతా బొగ్గు వాసన, వంటింట్లో నాయనమ్మ కుంపటి నుంచి మళ్ళీ అదే వాసన. "నా పొయ్యిలో బొగ్గంతా ఆ బీరువాకే పెడతన్నారు, మీకు అన్నం అదే వండి పెడతదిలే" అని నాయనమ్మ రోజూ సాధించేది. పెట్రోలు రోజుల్లో ఆ జల్లెడలోంచి కొద్దిగా పెట్రోలు పొగ వాసన కొట్టేది, అందుకని దానిమీద గోనెపట్టా పరిచేవాళ్ళం. బొగ్గుకి మారాక ఆ వాసన పోయింది. ఉన్నది మా వంటింటి వాసనే, దానికి ఎవరు భయపడతారు? గోనెపట్టా తీసేశాం.

ఇక పెద్దమ్మ గురించి చెప్పాలి. మా పెదనాన్న చిన్న వయసులోనే పోతే, ఆయన భార్య అయిన ఈవిడ ఒక్కగానొక్క కూతురితో మా ఇంట్లోనే ఉండేది. ఆ కూతురు శేషక్క. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. పొద్దున్నే పెద్దమ్మ అరుగు మీద కూర్చుంటే, శేషక్క కింద మెట్టు మీద చతికిలబడి, తల్లి పాదాల మీద రెండు చేతులూ పెట్టుకుని జడ వేయించుకునేది. జడ అయ్యేదాకా ఆ చేతులు తీసేది కాదు. ఆ తర్వాతే నా వంతు. కారు వచ్చిన మరుసటి ఏడు శేషక్కని చలిజ్వరం తీసుకుపోయింది. ఇంట్లో ఉన్న బొంతలన్నీ కప్పారు, మంచం కింద కుంపటి పెట్టారు, మేమందరం చెమటలు కారుతూ నిలబడ్డాం, అది మాత్రం "చలే అమ్మా, చలే" అంటూనే పోయింది. చివరికి చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయని పెద్దమ్మ ఏళ్ళ తరబడి చెప్పేది. ఆ చేతుల్ని తన చేతుల్లో పెట్టుకుని రుద్దుతూనే ఉంది, పోయిందని అందరూ చెప్పాక కూడా.

పెద్దమ్మ పుట్టిల్లు గురజాల. అక్కడ ఆవిడ తల్లి మంచం పట్టింది. నాన్న పత్తి బేరాల మీద అటు వెళ్ళినప్పుడల్లా పెద్దమ్మని తీసుకెళ్ళేవాడు. తోడుగా నేను. నాన్న, మస్తాన్ ముందు. మేమిద్దరం వెనక. దారి పొడుగునా తెల్లటి దుమ్ము లేచేది కాబట్టి అద్దాలన్నీ ఎత్తేసేవాళ్ళం. నా పక్క అద్దం మాత్రం పూర్తిగా పైకి లేచేది కాదు, పైన నాలుగు వేళ్ళ సందు ఉండేది. దుమ్మంతా నా నెత్తినే. నేను గొణుక్కుంటూ ఆ సందు దగ్గర ముక్కు పెట్టుకుని కూర్చునేదాన్ని. పెద్దమ్మ అవతలి పక్క, ఆ జల్లెడ మీద పాదాలు పెట్టుకుని, కొంగు మొహానికి అడ్డం పట్టుకుని కూర్చునేది. బొగ్గుకి మారాక మొదటిసారి వెళ్ళినప్పుడు నకరికల్లు దాటేసరికి ఆవిడ కునికిపాట్లు పడింది. గురజాలలో దిగినప్పుడు చూస్తే, రెండేళ్ళుగా పాలిపోయి ఉన్న మొహం ఎర్రగా కళకళలాడుతోంది. నన్ను పక్కకి లాగి, చెవిలో చెప్పింది.

"శేషు వచ్చిందే రత్నం."

"యాడికి పెద్దమ్మా?"

"కార్లోకి. నా కాళ్ళ కాడ కూర్చుంది. రెండు చేతులూ నా పాదాల మీద పెట్టింది." ఏడుస్తూ నవ్వింది. "దాని చేతులు ఎచ్చగా ఉండయ్యే. దానికి ఇప్పుడు చలి లేదు."

నాకు మెడ వెనక సన్నగా చలి పుట్టింది. ఎందుకంటే ఆ కారులో నేనూ ఉన్నాను. మా ఇద్దరి మధ్యా జానెడు చోటు. అక్కడ ఎవరో కూర్చుని వస్తే నాకు తెలీలేదు. ఆ తర్వాత వెళ్ళిన ప్రతిసారీ శేషక్క వచ్చేది. ఒకసారి తల ఆనించిందనేది, ఒకసారి అమ్మా అని పిలిచిందనేది. పెద్దమ్మ ఇంట్లో మనిషిగా ఉండడం మానేసింది. మళ్ళీ గురజాల ఎప్పుడని నాన్నని రోజూ అడిగేది. తల్లి మీద ప్రేమ అనుకున్నారు. దిగాక తల పగిలిపోతోందని, కడుపులో తిప్పుతోందని పడుకునేది. బండి ప్రయాణం పడలేదనుకున్నారు.

నాకూ అక్కని చూడాలనిపించింది. ఒకసారి నేను ఆ పక్క కూర్చుంటానని బతిమాలాను. పెద్దమ్మ వెంటనే ఒప్పుకోలేదు. ఎవరో వచ్చి తన ఆవకాయ జాడీ మొత్తం అడిగినట్టు మొహం పెట్టి, చివరికి సరేనంది. నేను చెప్పులు విడిచి జల్లెడ మీద పాదాలు పెట్టుకున్నాను. వెచ్చగా, హాయిగా ఉంది. కాసేపటికి చెవుల్లో దూరంగా పత్తి మిల్లు తిరుగుతున్న హోరు. ఆ హోరు దగ్గరకొచ్చింది. ఎదురుగా ఉన్న అద్దం అవతల నాన్న తల చిన్నదై చిన్నదై ఎక్కడికో పోయింది. అప్పుడు "రత్నం" అని ఎవరో పిలిచారు. కింది నుంచి. జడ వేయించుకునేటప్పుడు శేషక్క తల తిప్పకుండా నన్ను పిలిచేది, అట్లాగే. నేను పలకాలని నోరు తెరిచాను. తర్వాత నేను కళ్ళు తెరిచింది రోడ్డు పక్కన తుమ్మచెట్టు నీడలో. వాంతి చేసుకుని ఉన్నాను, మస్తాన్ తువ్వాలుతో విసురుతున్నాడు. పెద్దమ్మ నా మీదికి వంగి "కనపడిందా?" అని అడిగింది. కనపళ్ళేదు, పిలిచింది అన్నాను. ఆవిడ నన్ను గుండెలకి హత్తుకుని భోరుమంది. ఎనభై దాటాక, అదేమిటో పూర్తిగా తెలిశాక కూడా, ఆ పిలుపు గుర్తొస్తే నాకు దిక్కు తోచదు.

ఆ తర్వాతి ప్రయాణంలో, తిరిగొచ్చి మా వాకిట్లో కారు ఆగితే పెద్దమ్మ దిగలేదు. నేను కదిపితే పక్కకి ఒరిగిపోయింది. పెదాలు ఎర్రగా ఉన్నాయి, మొహం మీద చిరునవ్వు ఉంది, పిలిస్తే పలుకు లేదు. నాన్న, మస్తాన్ మోసుకొచ్చి అరుగు మీద పడుకోబెట్టారు. పొద్దుగుంకే వేళకి గాని కళ్ళు తెరవలేదు. వైద్యుడు నాడి చూసి నీరసమన్నాడు. నాయనమ్మ అతన్ని పట్టించుకోలేదు. "నీరసమా పాడా! పిల్ల తల్లిని పిలుచుకుంటంది. ఈసారి ఎక్కితే మనిషి మనకి దక్కదు" అంది. కారుకి నిమ్మకాయలు కట్టించింది, దిష్టి తీసి గుమ్మడికాయ కొట్టించింది. నాన్న ఇక గురజాల వద్దన్నాడు. పెద్దమ్మ మంచం మీద నుంచి లేవకుండానే అంది. "మా అమ్మ పోయేట్టుంది, నేను పోవద్దా? ఆ పోయే దారిలో నా కూతురు పిలిస్తే, పలక్కుండా ఉండమంటావా?" మా ఇంట్లో అందరికీ తెలుసు, ఆవిడ చావుకే ఎక్కుతోందని. ఆవిడకీ తెలుసు. తల్లికి మరీ ఎక్కువైందని గురజాల నుంచి కబురొచ్చిన రోజున నాయనమ్మ మా పెద్దమ్మ చెయ్యి వదలకుండా కారుదాకా నడిచింది, ఎక్కాక కూడా చాలాసేపు వదల్లేదు.

ఆ ప్రయాణంలో పెద్దమ్మ బతికింది. దారిలో పీపా రెండుసార్లు చల్లారిపోయి, ఆగి ఆగి వెళ్ళాం, అందుకే బతికిందని ఇప్పుడు అనుకుంటాను. ఆవిడ తల్లి దగ్గర ఉండిపోయింది. మేం ముగ్గురం తిరిగి బయల్దేరాం. మస్తాన్‌కి కౌజు పిట్టలంటే ప్రాణం. గురజాలలో ఒక జత కొని, బుట్టలో పెట్టి, నాన్న ముఖం చిట్లించినా వినకుండా వెనక, పెద్దమ్మ కాళ్ళు పెట్టుకునే చోట పెట్టాడు. బయల్దేరినప్పుడు అవి బుట్టలో గీరుకుంటూ, కీచుమంటూ గోల గోల చేశాయి. నేను నా సందు దగ్గర ముక్కు పెట్టుకుని ఆ గోల వింటున్నాను. నకరికల్లు రాకముందే గోల ఆగింది. నిద్రపోయాయనుకున్నాను. ఇంటి దగ్గర మస్తాన్ బుట్ట తెరిస్తే రెండూ చచ్చిపడి ఉన్నాయి. ఒంటి మీద గాటు లేదు, ఈక చెదరలేదు. ఒకదాని ముక్కు మాత్రం జల్లెడ వైపు తిరిగి ఉంది.

మస్తాన్ వాటిని తిప్పి తిప్పి చూశాడు. తర్వాత జల్లెడ మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. కారు ఆగి కాసేపైంది, నీడలో ఉంది, రోడ్డు వేడి లేదు, అయినా అది కాలుతోంది. అతను కారు కిందికి దూరాడు. పైకి వచ్చినప్పుడు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇది గాలి కోసం గాదు శెట్టిగారూ. పొయ్యి. ఇంజను పొగని దీని కిందికి తిప్పారు, కాళ్ళు కాచుకోను. కింద పెట్టె తుప్పుపట్టి చిల్లులు పడింది. పొగంతా లోపలికే వస్తంది."

"కార్లో పొయ్యేందిరా, మనకి?" అన్నాడు నాన్న.

"మనకి గాదు, చలిదేశపోళ్ళకి. బొగ్గు గాలి శెట్టిగారూ, మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకుంటే పొద్దున్నే లేవరు చూడండి, ఆ గాలే. మూత తెరిచి తీగె కట్టింది నేను. నా చేత్తో ఆ తల్లిని..." అని అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

నాన్న అరుగు అంచున కూర్చున్నాడు. ఆయన నోట "అంటే, శేషు..." అని సగం మాట వచ్చి ఆగిపోయింది. తర్వాత లేచి, అది ఇప్పుడే మూసెయ్యమన్నాడు. వదినకి మాత్రం చెప్పొద్దన్నాడు. మస్తాన్ తీగ కోసి, టంకం కరిగించి, మూత వేసి, పైన మందపాటి రేకు పెట్టి, బోల్టులు బిగించాడు. పొగ దారి కూడా కట్టేశాడు. ప్రాణం కాపాడాం అనుకున్నారు ఇద్దరూ. అది నిజమే.

తల్లి కర్మలన్నీ అయ్యాక పెద్దమ్మని తీసుకురావడానికి వెళ్ళాం. ఆవిడ కారు ఎక్కిన తీరు నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. తల్లి పోయిన మనిషిలా లేదు, పెళ్ళికి వెళ్తున్న మనిషిలా ఉంది. చెప్పులు విడిచి, చీర సర్దుకుని, పాదాలు రేకు మీద పెట్టుకుంది. రేకు ఎందుకని అడగలేదు. దారి పొడుగునా కిందికే చూసింది. కునుకు తియ్యలేదు, కళ్ళార్పలేదు. పేట పొలిమేరలోకి వచ్చాక, నాతో కాదు, ఎవరితోనో అన్నట్టు "రాలేదే" అంది. అంతే. ఆ రోజు నుంచి అన్నం మానేసింది. మజ్జిగ తాగేది, అదీ నాయనమ్మ తిడితే. పగలంతా కొట్టంలో ఆగి ఉన్న కారులోకి వెళ్ళి, తలుపు వేసుకుని, రేకు మీద పాదాలు పెట్టుకుని కూర్చునేది. కారులో చంపబోయిన దాని నుంచి తప్పించాం గానీ, మనిషి మా కళ్ళ ముందే తరిగిపోతోంది.

ఇప్పుడు మా ఇళ్ళలో పోయినవాళ్ళు పూర్తిగా పోరు. పోయిన మా తమ్ముడు నా ఫోనులో నవ్వుతాడు, పేరు పెట్టి పిలుస్తాడు, "అక్కా, కాఫీ పెట్టు" అంటాడు. వేలితో నొక్కితే చాలు. అది ఎవరికీ దెయ్యంలా అనిపించదు, నాకు తప్ప. ఆ రోజుల్లో మా ఇంట్లో శేషక్క ఫొటో ఒక్కటి లేదు. ఏడాది తిరిగేసరికి దాని మొహం నాకే మసకబారింది. పెద్దమ్మకి మిగిలింది ఆ జల్లెడ ఒక్కటే. విషమని తెలిస్తే మాత్రం ఆవిడ వదులుకునేదా? ఆవిడ స్థానంలో నేనున్నా వదిలేదాన్ని కాదని ఇప్పుడు తెలుస్తోంది.

మస్తాన్ తట్టుకోలేకపోయాడు. నాన్న వద్దన్నా వినకుండా, ఒక మధ్యాహ్నం కొట్టంలోకి వచ్చి కారు తలుపు తీశాడు. నేను పెద్దమ్మకి మజ్జిగ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. అతను నేల మీద గొంతుక్కూర్చుని, పొయ్యి సంగతి, పొగ సంగతి, చచ్చిన పిట్టల సంగతి, తను కట్టిన తీగ సంగతి అంతా చెప్పాడు. "వచ్చింది పాప గాదమ్మగారూ. బొగ్గు గాలి. మీ పాణం తీసేది. అందుకని మూసేశా. నన్నేమన్నా అనండి" అని చేతులు జోడించాడు. పెద్దమ్మ అంతా విన్నది. కోప్పడలేదు. ఆ రేకు వైపు చూస్తూ మెల్లగా అడిగింది.

"మూత బిగించేటప్పుడు, అది లోపలుందో బయటుందో చూశావా?"

మస్తాన్ అప్పటిదాకా చెప్పిందంతా మళ్ళీ చెప్పొచ్చు. చెప్పలేదు. లేచి వెళ్ళి స్పానరు తెచ్చాడు. ఇంజను చల్లగా ఉంది, పీపా ఖాళీగా ఉంది. ఒక్కొక్క బోల్టే విప్పి, రేకూ జల్లెడా తీసి, మూత పైకెత్తి పట్టుకున్నాడు. పెద్దమ్మ సీటు మీద నుంచి కిందికి దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ నల్లటి కంతలోకి వంగి చెయ్యి చాపింది. "శేషూ, బయటికి రావే తల్లీ, ఆయన మూసేస్తాడు" అంది. పెద్దమ్మ ఏదో తాకినట్టు చెయ్యి కాస్త వెనక్కి తీసుకుంది, పక్కకి జరిగి చోటిచ్చింది.

"ఇంక ముయ్యరా" అంది.

అతను బోల్టులు బిగిస్తుంటే ఆవిడ కారు దిగి, నా చేతిలో గ్లాసు అందుకోకుండా, ఇంటి వైపు నడిచింది. వాకిలి దగ్గర ఆగి, తలుపు తోసి, ఒక మనిషి ముందు వెళ్ళేంతసేపు పట్టుకుని నిలబడింది. తర్వాత తను లోపలికి వెళ్ళి తలుపు వేసింది. వంటింటి వైపు ఆవిడ గొంతు నాకు బయటికి వినపడింది.

"అత్తా, ఆకలేస్తంది."